లాక్టికామ్లంపై మోపిన నేరం

శాస్త్రంలో ఒక సిద్ధాంతం వీగిపోవడానికి ఒక మంచి ప్రయోగం చాలు. అదే సిద్ధాంతం పాఠ్యపుస్తకాలనుంచి తొలగిపోవడానికి రెండు మూడు తరాలు కూడా చాలకపోవచ్చు. కండరాల అలసటను గురించి ఉన్నత పాఠశాలలలో చెప్పే పాఠం ఇందుకు చక్కని నిదర్శనం.

ఆ పాఠం సాధారణంగా ఇట్లా నడుస్తుంది. తీవ్రంగా పనిచేసే కండరానికి ఆక్సిజను చాలదు. అప్పుడు గ్లూకోజు పూర్తిగా దహనం కాక లాక్టికామ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం కండరంలో పేరుకొని అలసటను, నొప్పిని, పిక్కలు పట్టుకోవడాన్ని కలిగిస్తుంది. విశ్రాంతి తీసుకొన్నప్పుడు ఆక్సిజను వచ్చి ఆ మాలిన్యాన్ని తొలగిస్తుంది. నాలుగు వాక్యాలలో ముగిసే ఈ కథ వినడానికి ఇంపుగా, పరీక్షలో రాయడానికి సులువుగా ఉంటుంది. చిక్కేమిటంటే, ఇందులో మొదటి వాక్యం సగమే నిజం. రెండవది సరియైనదే. మూడవది చాలవరకు తప్పు. నాలుగవది అసంపూర్ణం.

ఇది మాటల పట్టింపు అని తోసివేయడానికి వీలు లేదు. వ్యాయామం చేయడమంటే ఒంట్లో విషం తయారుచేసుకోవడం, విశ్రాంతి అంటే దాన్ని కడిగివేసుకోవడం అన్న భావం విద్యార్థి మనస్సులో నాటుకొంటే, వ్యాయామం చేసిన శరీరం ఎందుకు బలపడుతుందో అతనికి బోధపడదు. విషం రోజూ పుట్టే చోట బలం ఎట్లా పెరుగుతుంది? ఈ ప్రశ్న వేసిన తెలివైన పిల్లవాడికి పై పాఠంలో సమాధానం లేదు. కనుక ఆ పాఠం ఎక్కడ పుట్టింది, ఎక్కడ దారి తప్పింది, దాని స్థానంలో ఏమి చెప్పాలి అన్న విషయాలను విమర్శించి చూడడం అవసరం.

సిద్ధాంతం పుట్టిన విధం

1780లో స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు షేలే పులిసిన పాలనుంచి లాక్టికామ్లాన్ని వేరుచేశాడు. పెరుగుకు పులుపు ఇచ్చేది ఇదే. 19వ శతాబ్దం తొలి దశకంలో అదే దేశానికి చెందిన బెర్జీలియస్ జంతువుల కండరాలలో కూడా ఈ ఆమ్లం ఉన్నదని గుర్తించాడు. అయితే పనికీ ఆమ్లానికీ ఉన్న సంబంధం చాలకాలం తేలలేదు. ఒకరి కొలతలు మరొకరి కొలతలతో పొసగేవి కావు. కండరాన్ని కోసి నూరేటప్పుడే అందులో కొత్తగా ఆమ్లం పుట్టుకురావడం ఇందుకు కారణం.

ఈ ముడిని 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ విప్పారు. వారు కప్ప కండరాలను మంచువలె చల్లబరచిన ఆల్కహాలులో నూరి, నూరేటప్పుడు జరిగే మార్పును అరికట్టారు. విశ్రాంతిలో ఉన్న కండరంలో ఆమ్లం చాల స్వల్పంగా ఉన్నది. ఆక్సిజను లేకుండా పదేపదే ముడుచుకొనేటట్లు చేసిన కండరంలో అది పెరిగింది. అలసిన కండరాన్ని ఆక్సిజనులో ఉంచితే తగ్గింది. ఈ మూడు పరిశీలనలలో తప్పు ఏమీ లేదు. ఇవి నేటికీ నిలిచి ఉన్నవి.

తరువాత జర్మనీలో మేయర్‌హాఫ్, ఇంగ్లండులో ఆర్చిబాల్డ్ వివియన్ హిల్ ఈ పునాదిపై పెద్ద కట్టడమే కట్టారు. కండరంలో నిలువ ఉండే గ్లైకోజెను లాక్టికామ్లంగా మారుతుందనీ, విశ్రాంతిలో ఆ ఆమ్లంలో కొంత దహనమై, మిగిలినది తిరిగి గ్లైకోజెనుగా మారుతుందనీ మేయర్‌హాఫ్ లెక్కలతో చూపాడు. ముడుచుకొనేటప్పుడు కొంత, తేరుకొనేటప్పుడు కొంత, రెండు దఫాలుగా కండరంనుంచి ఉష్ణం వెలువడుతుందని హిల్ అతి సున్నితమైన పరికరాలతో కొలిచాడు. 1922 సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమానాన్ని వీరిద్దరూ పంచుకొన్నారు.

హిల్ కప్పలతో ఆగిపోలేదు. 1920 తరువాతి సంవత్సరాలలో ఆయన తన సహచరులతో కలిసి పరుగెత్తే మనుషులపై పరిశోధన చేశాడు, తానూ పరుగెత్తాడు. వదలిన గాలిని సంచులలో పట్టి ఆక్సిజను వినియోగాన్ని లెక్కకట్టాడు. పరుగు ఆగిన తరువాత కూడా మనిషి కొంతసేపు ఎక్కువ ఆక్సిజను తీసుకొంటాడు గదా. దానికి ఆయన ‘ఆక్సిజను ఋణం’ అని పేరు పెట్టాడు. పరుగులో చేసిన అప్పును విశ్రాంతిలో తీర్చుకోవడం అన్నమాట. ఆ అప్పు లాక్టికామ్లం రూపంలో పేరుకొంటుందనీ, దాన్ని తొలగించడమే అప్పు తీర్చడమనీ ఆయన భావించాడు.

ఈ సిద్ధాంతానికి ఒక గొప్ప గుణం ఉన్నది. పరుగు పందెం ముగిసిన తరువాత రొప్పు ఎందుకు వెంటనే ఆగదు అన్న సామాన్య ప్రశ్నకు అది అంకెలతో సమాధానం చెప్పింది. దాని లోపం కూడా అక్కడే ఉన్నది. అలసట, లాక్టికామ్లం జంటగా కనిపించినవి కాబట్టి ఒకటి రెండవదానికి కారణమని తీర్మానించారు. వర్షం వచ్చినప్పుడల్లా గొడుగులు కనిపిస్తాయి. గొడుగులే వర్షాన్ని తెచ్చినవని ఎవరూ అనరు. విచిత్రమేమంటే, ఆనాటి సిద్ధాంతంలో లాక్టికామ్లానికి రెండు వేషాలు ఉండేవి. కండరాన్ని ముడుచుకొనేటట్లు చేసేదీ అదే, అలసిపోయేటట్లు చేసేదీ అదే. మొదటి వేషం పదేళ్ళలోపే తొలగిపోయింది. రెండవ వేషం మాత్రం పాఠ్యపుస్తకాలలో చేరి స్థిరపడింది.

సుబ్బారావు, లుండ్స్‌గార్డ్

మొదటి వేషాన్ని తొలగించిన కథలో ఒక ఆంధ్రుని పాత్ర ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే వద్ద పనిచేసేవారు. రక్తంలోను, ఇతర ధాతువులలోను ఫాస్ఫేటు ఎంత ఉన్నదో నీలిరంగు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. అదే పద్ధతితో కండరాలను పరీక్షిస్తున్నప్పుడు, అంతవరకు ఎవరికీ తెలియని ఒక పదార్థం బయటపడింది. అది క్రియాటిను ఫాస్ఫేటు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతిలో తిరిగి పెరుగుతుంది. 1927లో ఈ విషయం వెల్లడి అయింది. ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా అదే కాలంలో స్వతంత్రంగా దీన్ని గుర్తించారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరంనుంచి ఎ.టి.పి.ని కూడా వేరుచేశారు. జర్మనీలో లోమన్ అదే సంవత్సరం అదే పని చేశాడు.

1930లో డెన్మార్కులో లుండ్స్‌గార్డ్ చేసిన ప్రయోగం అసలు దెబ్బ. ఆయన కప్పలకు అయొడోఅసిటిక్ ఆమ్లం ఎక్కించాడు. దానివల్ల గ్లైకోజెను లాక్టికామ్లంగా మారే దారి మూసుకొనిపోతుంది. హిల్, మేయర్‌హాఫ్‌ల సిద్ధాంతం ప్రకారం అటువంటి కండరం ముడుచుకోకూడదు. అది ముడుచుకొన్నది! ఒకటి రెండుసార్లు కాదు, అనేక పర్యాయాలు ముడుచుకొన్నది. లాక్టికామ్లం మాత్రం పుట్టలేదు. కండరం చేసిన పనికి తగినట్లుగా క్రియాటిను ఫాస్ఫేటు తరిగిపోయింది. అది తీరిపోయిన తరువాత కండరం ఇక పనిచేయక బిగుసుకొనిపోయింది.

అంటే, కండరం పనికి ప్రత్యక్ష శక్తిని ఇచ్చేవి ఫాస్ఫేటు పదార్థాలే; లాక్టికామ్లం ఏర్పడే చర్య ఆ పదార్థాలను తిరిగి నింపే మార్గాలలో ఒకటి. హిల్ ఈ దెబ్బను దాచిపెట్టలేదు. 1932లో తానే ఒక సమీక్ష రాసి, కండర శాస్త్రంలో విప్లవం వచ్చిందని శీర్షికలోనే ఒప్పుకొన్నాడు. సిద్ధాంతకర్త సవరించుకొన్న విషయాన్ని పాఠ్యపుస్తకాలు మాత్రం నేటికీ పూర్తిగా సవరించుకోకపోవడం విచారకరం.

వ్యర్థ పదార్థం కాదు

రసాయన దృష్టితో చూస్తే లాక్టికామ్లం స్థానం స్పష్టమవుతుంది. గ్లూకోజు అణువు ఒకటి పైరువికామ్లం వరకు విచ్ఛిన్నమైతే కణానికి నికరంగా 2 ఎ.టి.పి. అణువులు లభిస్తాయి. మైటోకాండ్రియాలలో ఆక్సిజనుతో పూర్తిగా దహనమైతే మొత్తం సుమారు 30 లభిస్తాయి. కనుక లాక్టికామ్లం అణువులో ఖర్చుకాని శక్తి ఇంకా ఎంతో మిగిలి ఉన్నది. వంటచెరకు కాలి బొగ్గుగా మిగిలితే దాన్ని బూడిద అని ఎవరూ పారబోయరు, కుంపటిలోకి దాచుకొంటారు. లాక్టికామ్లం అటువంటి బొగ్గు. బూడిద వంటివి కార్బన్ డయాక్సైడు, నీరు.

అసలు శరీరంలో అది ఆమ్ల రూపంలో ఉండేది బహు స్వల్పం. రక్తంలోను, కణాలలోను అది దాదాపు పూర్తిగా లాక్టేటు అయానుగానే ఉంటుంది. కండరంనుంచి రక్తంలోకి వచ్చిన లాక్టేటును కాలేయం గ్రహించి తిరిగి గ్లూకోజుగా మార్చి రక్తంలోకి పంపుతుందని 1929 నాటికే కార్ల్ కోరి, గెర్టీ కోరి దంపతులు వివరించారు. గుండె కండరం లాక్టేటును ఇంధనంగా వాడుకొంటుంది. ఒక కండరంలో వేగంగా పనిచేసే తంతువులు తయారుచేసిన లాక్టేటును పక్కనే ఉన్న నిదాన తంతువులు దహనం చేసుకొంటాయి. దాన్ని కొంతవరకు మెదడు కూడా వినియోగించుకొంటుంది. అమెరికాలో జార్జి బ్రూక్స్ 1980 తరువాతి సంవత్సరాలలో ఈ రాకపోకలన్నింటినీ ఒక చోట చేర్చి, లాక్టేటు శరీరంలో ఒకచోటినుంచి మరొకచోటికి శక్తిని మోసుకొనిపోయే పదార్థమని ప్రతిపాదించాడు.

పాఠంలోని మొదటి వాక్యం సగమే నిజమని అన్నది కూడా ఇందుకే. ఆక్సిజను కొరతగా ఉంటే లాక్టేటు పెరిగే మాట వాస్తవం. కాని ఆక్సిజను పుష్కలంగా అందుతున్నప్పుడు కూడా అది తయారవుతూనే ఉంటుంది. కదలకుండా కూర్చున్న మనిషి రక్తంలో సైతం లీటరుకు సుమారు 1 మిల్లీమోలు లాక్టేటు ఉంటుంది. ఉత్పత్తి ఎంత, వినియోగం ఎంత అన్న రెండింటి తేడాయే రక్తంలో కనిపించే అంకె. ఆ అంకె పెరిగినదంటే కండరం ఊపిరాడక అల్లాడుతున్నదని అర్థం చెప్పుకోవడం తొందరపాటు.

మరి అలసట దేనివల్ల?

లాక్టికామ్లమే అలసటకు మూలమైతే, దాన్ని తయారుచేసుకోలేని మనిషి అలసిపోకూడదు. అటువంటి మనుషులు ఉన్నారు. 1951లో లండనులో బ్రయన్ మకార్డిల్ అనే వైద్యుడు ఒక రోగిని పరీక్షించాడు. అతడు ఎంత శ్రమపడినా రక్తంలో లాక్టేటు పెరగలేదు. అతని కండరాలకు గ్లైకోజెనును విచ్ఛిన్నం చేసే శక్తి లేదు. అందుకు కావలసిన ఎంజైము లోపించినదని 1959లో తేలింది. ఈ వ్యాధి ఉన్నవారు అలసిపోకుండా ఉండడం లేదు సరిగదా, అందరికంటె ముందుగా అలసిపోతారు. నాలుగు మెట్లు వేగంగా ఎక్కినా వారి కండరాలు పట్టేస్తాయి. నేరం జరిగిన చోట నిందితుడు అసలు లేడని తేలిన తరువాత కూడా అతనికే శిక్ష వేయడం న్యాయం కాదు.

మరొక సాక్ష్యం కాలానికి సంబంధించినది. తీవ్రంగా పనిచేసి అలసిన కండరం మూడు నాలుగు నిమిషాలలో తన బలాన్ని చాలవరకు తిరిగి పొందుతుంది. క్రియాటిను ఫాస్ఫేటు నిలువలు తిరిగి నిండేది ఇంచుమించు ఈ వ్యవధిలోనే. రక్తంలో పెరిగిన లాక్టేటు మామూలు స్థితికి రావడానికి సుమారు ఒక గంట పడుతుంది. బలం నిమిషాలలో తిరిగి వచ్చి, లాక్టేటు గంటసేపు నిలిచి ఉంటే, బలాన్ని హరించినది లాక్టేటు అనడం కష్టం.

అయితే ఆమ్లత్వం బొత్తిగా నిర్దోషి అని తీర్పు చెప్పడం కూడా సరికాదు. తీవ్ర శ్రమలో కండరం లోపల ఆమ్లత్వం పెరుగుతుంది. దానివల్ల కొంత అసౌకర్యం కలుగుతుంది. కాని ఆమ్లత్వం కండరాల బలాన్ని బాగా తగ్గిస్తుందని చూపిన పాత ప్రయోగాలలో చాలవాటిని చల్లని ఉష్ణోగ్రతలలో చేశారు. శరీర ఉష్ణోగ్రతకు చేరువలో తిరిగి పరీక్షించినప్పుడు ఆ ప్రభావం ఎంతో తగ్గిపోయిందని 1990 తరువాత జరిగిన పరిశోధనలు చూపించినవి. చల్లని కప్ప కండరంలో కనిపించినదాన్ని వెచ్చని మానవ శరీరానికి యథాతథంగా అన్వయించడం ఈ పాఠంలోని మౌలికమైన పొరపాట్లలో ఒకటి.

నేడు కొద్ది నిమిషాల తీవ్ర శ్రమలో కలిగే అలసటకు ముఖ్య కారణాలలో ఒకటిగా పరిగణింపబడుతున్నది అకర్బన ఫాస్ఫేటు. క్రియాటిను ఫాస్ఫేటు విచ్ఛిన్నమైనప్పుడు ఇది పేరుకొని, కండర ప్రోటీనులు ఒకదానినొకటి పట్టి లాగే బలాన్ని తగ్గిస్తుంది. ముడుచుకొనమని ఆజ్ఞ ఇచ్చే కాల్షియం విడుదలను కూడా తగ్గిస్తుంది. సుబ్బారావుగారు నీలిరంగుతో కొలిచిన పదార్థం ఇదే కావడం విశేషం! గంటల తరబడి సాగే పరుగులో అలసటకు కారణాలు వేరు. కండరాలలో గ్లైకోజెను తరిగిపోవడం, ఎండలో శరీరం వేడెక్కడం, చెమటతో నీరు తగ్గడం, మెదడునుంచి కండరాలకు వచ్చే ఆజ్ఞ బలహీనపడడం — ఇవన్నీ అందులో చేరుతాయి. అలసటకు ఒకే కారణం వెదకడమే మొదటి తప్పు.

మరునాటి ఒళ్ళు నొప్పుల మాట చెప్పనక్కరలేదు. లాక్టేటు గంటలో పోతుంది. నొప్పులు ఒకటి రెండు రోజుల తరువాత ముదురుతాయి. కొండ ఎక్కేటప్పుడు రొప్పు ఎక్కువ, లాక్టేటు ఎక్కువ. దిగేటప్పుడు రెండూ తక్కువ. కాని మరునాడు తొడలు ఎక్కువగా నొప్పిపెట్టేది దిగినందువల్లనే. దిగేటప్పుడు కండరం సాగుతూ బరువును ఆపవలసి వస్తుంది. అందువల్ల తంతువులలో సూక్ష్మమైన చిరుగులు ఏర్పడుతాయి. ఈ నొప్పికి కండరంలో కలిగే చిరుగులే కారణమని హఫ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1902లోనే సూచించాడు.

యంత్రం పోలిక చేసిన హాని

లాక్టికామ్లం పాఠంలో ఇంతకంటె లోతైన లోపం మరొకటి ఉన్నది. 1927లో వెలువడిన హిల్ గ్రంథం పేరు ‘లివింగ్ మెషినరీ’, అంటే సజీవ యంత్రసామగ్రి. ఇంధనం, ఆక్సిజను, ఉష్ణం, పని అన్న నాలుగింటి లెక్క చూడడానికి కండరాన్ని యంత్రంతో పోల్చడం ఎంతో ఉపకరించింది. కాని ఆ పోలికను అక్కడ ఆపక, యంత్రంలో మసి పేరుకొన్నట్లు కండరంలో ఆమ్లం పేరుకొంటుందని చెప్పడం మొదలుపెట్టిన తరువాత, అసలు విషయం మరుగున పడింది. బండి ఇరుసు తిరిగిన కొద్దీ అరుగుతుంది. కండరం పనిచేసిన కొద్దీ, తగిన ఆహారమూ విశ్రాంతీ ఉంటే, పెరుగుతుంది. ఇంజను తాను మోసిన బరువునుబట్టి తన సిలిండర్లను పెంచుకోదు. కండరం పెంచుకొంటుంది.

1967లో అమెరికాలో జాన్ హాలొజీ ప్రకటించిన ప్రయోగం ఈ విషయంలో ఒక మైలురాయి. అంతకుముందు ఎలుకలను కొద్ది కొద్దిగా ఈదించి చూసినవారికి కండరాలలో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. హాలొజీ వాటిని కదిలే పట్టీమీద 12 వారాలపాటు క్రమంగా శ్రమ పెంచుతూ కఠినంగా పరుగెత్తించాడు. ఆ తరువాత వాటి కాలి కండరాలలోని మైటోకాండ్రియాలను పరీక్షిస్తే, ఆక్సిజనుతో ఇంధనాన్ని దహనం చేసే శక్తి ఇంచుమించు రెండింతలైంది. సైటోక్రోము సి అనే శ్వాస ప్రోటీను కూడా రెండింతలైంది. పొయ్యి మండుతూ మండుతూ తన పక్కన మరొక పొయ్యిని తానే కట్టుకొన్నట్లయింది.

దీని ఫలితం లాక్టేటు లెక్కలోనే కనిపిస్తుంది. సాధన చేసినవాడు, చేయనివాడు ఒకే వేగంతో పరుగెత్తితే, సాధన చేసినవాని రక్తంలో లాక్టేటు తక్కువ. అతని కండరాలు ఎక్కువ కొవ్వును దహనం చేస్తూ గ్లైకోజెనును పొదుపు చేస్తాయి. పుట్టిన లాక్టేటును త్వరగా వాడుకొంటాయి. ఆక్సిజనును తెచ్చే కేశనాళికలు కూడా పెరుగుతాయి. డెన్మార్కులో 1977లో ప్రకటించిన ఒక పరిశీలనలో 8 వారాలు సైకిలు తొక్కినవారి తొడ కండరంలో కేశనాళికల సాంద్రత సుమారు ఐదవ వంతు పెరిగింది.

మార్పు పనిచేసిన కండరానికే పరిమితమని 1966లో స్వీడనులో బెర్గ్‌స్ట్రోం, హుల్ట్‌మన్ చక్కగా చూపారు. వారిద్దరూ ఒకే సైకిలుకు ఇరువైపులా కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కొక్క కాలితో తొక్కారు. తొక్కిన కాలి కండరంలో గ్లైకోజెను దాదాపు అడుగంటింది. తరువాత మూడు రోజులు పిండిపదార్థం ఎక్కువగా ఉన్న ఆహారం తిన్నారు. తొక్కిన కాలిలో గ్లైకోజెను, విశ్రాంతిలో ఉన్న కాలిలో ఉన్నదానికి ఇంచుమించు రెండింతలు చేరింది. తిన్నది ఒకే నోరు, ప్రవహించినది ఒకే రక్తం; లాభం మాత్రం పనిచేసిన కాలికే దక్కింది.

బరువులెత్తే వ్యాయామంలో జరిగే మార్పు వేరు. మొదటి కొద్ది వారాలలో పెరిగే బలం చాలవరకు నాడుల నేర్పువల్ల వచ్చేది. ఎక్కువ తంతువులను ఒకేసారి పనికి పిలవడం శరీరం నేర్చుకొంటుంది. ఆ తరువాత ఒక్కొక్క తంతువు లావెక్కుతుంది. తంతువుల అంచున నిద్రాణంగా ఉండే ఉపగ్రహ కణాలను 1961లో అలెగ్జాండర్ మౌరో ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూశాడు. దెబ్బతిన్న తంతువులను బాగుచేసేవి ఇవే. తాను చిరిగిన చోట తానే అతుకు వేసుకొనే యంత్రం ఇంతవరకు ఏ కర్మాగారంలోను తయారుకాలేదు.

ఈ మార్పులకు ఆజ్ఞ ఎక్కడినుంచి వస్తుంది? శ్రమలో కండర కణం లోపల కాల్షియం పెరుగుతుంది, ఎ.టి.పి. వినియోగం హెచ్చి దాని సమతౌల్యం చలిస్తుంది. ఈ కలతనే కణం ఒక వార్తగా గ్రహించి, కేంద్రకంలోని జన్యువులకు అందజేస్తుంది. కొత్త మైటోకాండ్రియాల నిర్మాణం మొదలవుతుంది. పాత పాఠం శ్రమవల్ల కలిగే కలతను హానిగా మాత్రమే వర్ణించింది. నిజానికి ఆ కలత లేకపోతే అభివృద్ధికి ఆజ్ఞ లేదు.

ఆజ్ఞ ఆగితే ఏమవుతుందో 1966లో అమెరికాలో డల్లాసు నగరంలో జరిగిన ప్రయోగం చెబుతుంది. 20 సంవత్సరాల వయసుగల ఐదుగురు యువకులను మూడు వారాలపాటు మంచంమీదనే ఉంచారు. శ్రమలో ఆక్సిజనును గరిష్ఠంగా వినియోగించుకొనే వారి శక్తి నాలుగింట ఒక వంతుకు పైగా పడిపోయింది. తరువాతి సాధనతో అది తిరిగి లభించింది. ముప్ఫై ఏళ్ళ తరువాత ఆ ఐదుగురినీ మళ్ళీ పరీక్షిస్తే, మూడు దశాబ్దాల వయసు చేసిన నష్టంకంటె ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. ఈ ఒక్క అంకె విద్యార్థికి చెప్పితే చాలు, వ్యాయామం విలువ బోధపడుతుంది.

మధుమేహం విషయంలోను ఇది వర్తిస్తుంది. ఇన్సులిను సరిగా పనిచేయనప్పుడు కూడా, ముడుచుకొనే కండరం ఇన్సులిను ప్రమేయం లేకుండా రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకోగలదు. గ్లూకోజును మోసే ప్రోటీనులు కండర శ్రమవల్లనే కణం ఉపరితలానికి చేరుతాయి. మధుమేహం ఉన్నవారికి వైద్యులు నడక చెప్పడంలోని ఆంతర్యాలలో ఇది ఒకటి. లాక్టికామ్లం కథలో ఈ ముఖ్య విషయానికి చోటే లేదు.

హిల్‌కు దక్కవలసినది

ఇంత విమర్శించిన తరువాత హిల్ కృషిని తక్కువ చేయడం భావ్యం కాదు. పరుగెత్తే మనిషిని ప్రయోగశాలలోకి తెచ్చినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆక్సిజను వినియోగానికి ఒక గరిష్ఠ పరిమితి ఉన్నదన్న ఆయన భావన నేటికీ ప్రతి క్రీడా పరిశోధనశాలలోను వాడుకలో ఉన్నది. పరుగు తరువాత తీసుకొనే అదనపు ఆక్సిజను కూడా వాస్తవమే. అది కేవలం లాక్టేటు బాకీ తీర్చడానికి మాత్రమే కాదు. ఫాస్ఫేటు నిలువలు నింపడానికి, వేడెక్కిన శరీరంలో హెచ్చిన జీవక్రియలకు, ఇంకా కొట్టుకొంటున్న గుండెకు కూడా అది ఖర్చవుతుంది. ఋణం ఉన్నది, ఋణదాత ఎవరో గుర్తించడంలోనే పొరపాటు జరిగింది. తప్పని తేలినప్పుడు ఒప్పుకొన్న హిల్ నిజాయితీ ఆయన అంకెలంత విలువైనది. ఆయన పేరు చెప్పి ఆయనే విడిచిపెట్టిన మాటను బోధించడం ఆయనకు గౌరవం కాదు.

తరగతిలో ఏమి చెప్పాలి?

పాఠాన్ని సవరించడానికి ఎక్కువ శ్రమ అక్కరలేదు. తీవ్ర శ్రమలో కండరం గ్లూకోజునుంచి త్వరగా శక్తి పొందేటప్పుడు లాక్టేటు ఏర్పడుతుందనీ, దాన్ని గుండె, ఇతర కండరాలు ఇంధనంగాను, కాలేయం గ్లూకోజు తయారీకిను వాడుకొంటాయనీ, అలసటకు అనేక కారణాలు ఉన్నవనీ చెప్పితే చాలు. పరీక్షలో పాత సమాధానం కోరే పక్షంలో, ఉపాధ్యాయుడు దాన్ని చెప్పి, వెంటనే మకార్డిల్ రోగి విషయం కూడా చెప్పవచ్చు. విద్యార్థికి మార్కులూ దక్కుతాయి, సత్యమూ తెలుస్తుంది.

ఖర్చులేని ఒక పరీక్షను కూడా తరగతిలో చేయించవచ్చు. విద్యార్థి ఒక చేతిని తలపైకి ఎత్తి, పిడికిలిని వేగంగా మూసి తెరుస్తూ, చేయి ఆడనంతవరకు లెక్కపెట్టాలి. నాలుగు నిమిషాలు చేయి దించి విశ్రాంతి తీసుకొని మళ్ళీ లెక్కపెట్టాలి. రెండవ లెక్క మొదటిదానికి చేరువగా వస్తే, గంటవరకు నిలిచి ఉండే పదార్థం ఈ అలసటకు కారణం కాజాలదని వారే తర్కించి చెప్పగలరు. అదే పనిని రోజూ చేయిస్తూ ఆరు వారాల తరువాత లెక్కలను గ్రాఫు కాగితంమీద గీయిస్తే, రేఖ ఏ దిక్కుకు పోతున్నదో వారికే కనిపిస్తుంది. చేయిని పైకెత్తి ఒకసారి, కిందికి వదలి ఒకసారి చేయించి పోల్చితే రక్తప్రసారం పాత్ర కూడా తెలుస్తుంది. ఒంట్లో నలతగా ఉన్న పిల్లలచేత లెక్కలు రాయిస్తే సరిపోతుంది.

ఆ రేఖ పైకి పోయినప్పుడు విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటే: నిన్న అలసిన చేయి నేడు ఎట్లా ఎక్కువ పని చేసింది? ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగే పాఠమే కండరాలను గురించిన సరియైన పాఠం.